సొంతంగా పని, 4వ పాఠం: మీరు అమ్మగలిగే రోజులెన్ని?

మీరు అమ్మే పనేమిటో ఒక్క వాక్యంలో రాయమని కిందటి పాఠంలో చెప్పాను. రాసి ఉంటే క్యాలిక్యులేటర్ తీయండి, ఇవాళ రేటు కడదాం.

ఉద్యోగం వదిలి ఫ్రీలాన్స్‌లోకి వచ్చిన కొత్తలో చాలామంది పాత జీతాన్ని పని రోజులతో భాగించి, వచ్చిన అంకెనే రోజు రేటుగా చెప్పేస్తారు. నేనూ అదే చేశాను. ఏడాదంతా తీరిక లేదు, చేతికొచ్చింది మాత్రం పాత జీతంలో సగం.

లెక్క ఎక్కడ తప్పిందో చూడండి. 365 రోజుల్లో వారాంతపు సెలవులు 104 పోతే సుమారు 260. పండగలు, సెలవులు, జ్వరమొచ్చి పడుకున్న రోజులు ఒక 40 అనుకుంటే మిగిలేవి 220. ఉద్యోగికి సాధారణంగా ఆ 40 రోజులకూ జీతం వస్తుంది, మనకు రాదు. పోనీ ఈ 220 అయినా అమ్ముడవుతాయా? క్లయింట్లను వెతకాలి, ప్రపోజల్ రాయాలి, పంపిన బిల్లు గురించి మళ్లీ మళ్లీ గుర్తు చేయాలి. (ఈ చివరిది పని కంటే ఎక్కువ అలసట.) ఒక పని అయ్యి ఇంకొకటి దొరికేలోపు ఖాళీ ఉండనే ఉంటుంది. వీటన్నిటికీ నేను 90 రోజులు పక్కన పెడతాను. అంటే అమ్మడానికి ఉన్నవి 130.

ఉద్యోగంలో మీ రోజు జీతం 1 అనుకుందాం. ఏడాదికి 260. ఇన్సూరెన్స్, కంప్యూటర్, సాఫ్ట్‌వేర్, రిటైర్మెంట్ పొదుపు ఇప్పుడు మీ నెత్తినే కాబట్టి ఇంకో 20 శాతం, అంటే 52 కలపండి. మొత్తం 312. దాన్ని 130తో భాగిస్తే 2.4. రేటు రెండు రెట్లు దాటింది. అడగడానికి మొహమాటంగా ఉంటే ఈ లెక్క ఇంకోసారి వేసుకోండి.

ఫ్రాక్షనల్ పనిలో, అంటే ఒక కంపెనీలో ఒక పదవిని వారంలో కొన్ని రోజులు మాత్రమే చూసే పనిలో, ఈ 130 రోజులు ఇంకోలా అమ్ముతాం. ఒక చిన్న కంపెనీకి ఫైనాన్స్ హెడ్ కావాలి, కానీ వారమంతా అక్కర్లేదు. వారానికి 2 రోజులు మీరు ఆ కుర్చీలో కూర్చుంటారు, నెలకింత అని తీసుకుంటారు. ఇంకో కంపెనీకి 1 రోజు. వారానికి 3 రోజుల చొప్పున 44 వారాలకు 132, మన లెక్కకు సరిపోయింది. నాలుగో రోజు కూడా అమ్మేస్తే కొత్త క్లయింటును వెతికే తీరిక ఉండదు.

ఇందులో చిక్కల్లా రోజులు కారిపోవడమే. నా మొదటి ఒప్పందంలో ‘వారానికి 2 రోజులు’ అని మాత్రమే రాసుకున్నాం. మెసేజ్‌లు రోజూ వచ్చేవి. మూడో నెలలో గంటలు రాసి చూస్తే వారానికి మూడున్నర రోజులు తేలింది. వాళ్లననడానికి లేదు, అవి ఏయే రోజులో రాయనిది నేనే. ఇప్పుడు సోమవారం, మంగళవారం అని రోజుల పేర్లతో సహా రాస్తాను. మిగతా రోజుల్లో మెసేజ్‌కు ఎంతసేపట్లో జవాబిస్తానో, అదనపు రోజుకు రేటెంతో, ఆపేయాలంటే ఎవరైనా 30 రోజుల ముందు చెప్పాలనీ రాస్తాను. డబ్బు నెల మొదట్లోనే.

అభ్యాసం: గడిచిన రెండు వారాల్లో చేసిన ప్రతి పనికీ గంటలు రాయండి. బిల్లు వేయగలిగినవి ఒక రంగుతో, వేయలేనివి ఇంకో రంగుతో. వేయలేనివి నా లెక్క కంటే (220లో 90, అంటే పది గంటల్లో సుమారు నాలుగు) ఎక్కువ తేలితే 130ని తగ్గించి రేటు మళ్లీ కట్టండి. ఆ కాగితం పారేయకండి, ఐదో పాఠంలో మొదటి ప్రపోజల్ దాంతోనే రాస్తాం.