యువజన సంఘం మీటింగుకు పిల్లలు రావడం లేదా? ముందు ఇవి చూడండి

పరకాల, నర్సంపేట, జనగామ వైపు ఏ ఊరికి పోయినా యువజన సంఘం పెద్దలది ఒకటే ఫిర్యాదు: "పోరగాళ్లు రారు. వచ్చినా ఫోన్లు చూసుకుంట కూసుంటరు." తప్పు పిల్లల్లో వెతకకముందు సంఘం నడిచే తీరులో వెతకాలి. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

వస్తారు, నోరు విప్పరు

కారణం: వాళ్లు వచ్చేసరికే అన్నీ తేలిపోయి ఉంటాయి. జనవరి 12 యువజన దినోత్సవాన్నే తీసుకోండి. తేదీ, టెంటు, ముఖ్య అతిథి, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత సైజు అనేదీ ఖాయమయ్యాక "మీ సలహా చెప్పుండ్రి" అంటే ఏం చెప్తారు? పిల్లల భాగస్వామ్యం మీద రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం 8 మెట్ల నిచ్చెన గీశాడు. కింది 3 మెట్లు, అంటే పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు కూర్చోబెట్టడం, అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. మన సభలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

తీర్మానాల పుస్తకం తెరిచి, పోయిన ఏడాది ప్రతిపాదించిన వాళ్ల పేర్లు చూడండి. ఇరవై ఐదేళ్ల లోపు వాళ్లు ఒక్కరూ లేకపోతే రోగం ఇదే.

పరిష్కారం: ఏదీ ఖాయం కాకముందే పిలవండి. ఎవరి కోసం, ఏం చేద్దాం, ఎంతవుతుంది అనే మూడింటి మీదా ముందు వాళ్లే మాట్లాడాలి, పెద్దలు చివర్లో మాట్లాడాలి. స్టేజీ వద్దు, కుర్చీలు గుండ్రంగా వేయండి.

మొదట్లో హుషారు, నెలకే మాయం

కుర్చీలు మోయడం, మైకు కట్టడం పిల్లల వంతు, చెక్కు మీద సంతకం పెద్దల వంతు. ఇట్లుంటే ఎవరుంటారు? పైసలు వాళ్ల చేతికివ్వండి. వాలీబాల్ నెట్టు, బంతులకు 3,000 రూపాయలు అనుకుంటే మొత్తం వాళ్లకే అప్పగించండి. హనుమకొండలో రెండు మూడు దుకాణాలు తిరిగి ధర వాళ్లే అడుగుతారు, బిల్లులు పెడతారు, లెక్క గోడకు అంటిస్తారు. నాసిరకం నెట్టు తెచ్చారనుకోండి, తేనివ్వండి. ఒక్క పొరపాటుకే సంచి గుంజుకుంటే మళ్లీ ఎవరూ ముందుకు రారు.

అమ్మాయిలు కనబడరు

రాత్రి ఏడింటికి చౌరస్తాలో మీటింగ్ పెడితే ఏ ఇంట్లో పంపుతారు? 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ భారం పోయింది కానీ, ఆఖరి బస్సు టైమ్ అడ్డం అట్లనే ఉంది. వేళ, చోటు అమ్మాయిలనే అడిగి పెట్టండి. ఆదివారం పొద్దున బడిలో అంటే చాలా ఇళ్లలో ఒప్పుకుంటారు. ఒక్కరిని కాక ఇద్దరు ముగ్గురిని కలిపి కమిటీలోకి తీసుకోండి, ఒక్కతే అయితే మాట్లాడదు. వాళ్లకు అనుభవం లేదనే మాట నేను ఒప్పుకోను. 9 రోజుల బతుకమ్మకు పూలు, పాట, చెరువు కాడికి పోయే ఏర్పాటు ప్రతి ఏడూ ఆడబిడ్డలే చూసుకుంటున్నారు. దాన్ని కార్యక్రమ నిర్వహణ అని మనమే లెక్కలో రాయలేదు.

కొన్ని నెలలు ఒక్కరూ దొరకరు

ఇది అలక కాదు. అక్టోబర్ నుంచి పత్తి ఏరుడు, ఎండాకాలం ముందు ఇంటర్ పరీక్షలు. క్యాలెండర్ వాళ్లతోనే వేయించండి.

మీరు చెప్పింది కాదని ఇంకోటి అడుగుతున్నారు

దీన్ని రిపేరు చేయకండి, ఇది పని జరుగుతున్నదనడానికి గుర్తు. మీరు మొక్కలు నాటుదామంటారు, వాళ్లు కానిస్టేబుల్, గ్రూప్స్ పరీక్షలకు చదువుకోను గది కావాలంటారు. గది చూపించి, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంచండి. కరెంటు బిల్లు పెరుగుతుంది. అది ఎట్లా కట్టాలన్నది కూడా మొదటి మీటింగులో వాళ్లనే తేల్చమనండి.