17-ఓహెచ్‌పీ పరీక్ష: రక్తం ఎప్పుడివ్వాలి, అంకెను ఎలా చదవాలి

మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథిలో 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ (17-ఓహెచ్‌పీ) అనే హార్మోన్‌ను కార్టిసాల్ అనే మరో హార్మోన్ వైపు నడిపించే ఎంజైమ్ 21-హైడ్రాక్సిలేజ్. అది మందగిస్తే (ఇదే 21-హైడ్రాక్సిలేజ్ లోపం అనే జబ్బు) ఆ ముడిసరుకు పేరుకుపోయి, పక్కదారిన ఆండ్రోజెన్లు అనే పురుష హార్మోన్లుగా మారుతుంది. మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, గాడి తప్పిన నెలసరి... పైకి అచ్చం పీసీఓఎస్సే (అండాశయాల్లో నీటిబుడగల సమస్య). రెంటినీ విడదీయడానికి మొదట చేయించేది 17-ఓహెచ్‌పీ.

ఇందులో మెషీన్ కన్నా సమయమే ఎక్కువ మోసం చేస్తుంది. నెలసరి మొదలైన 3 నుంచి 5 రోజుల్లో, ఉదయం 8 లోపు రక్తం ఇవ్వాలి. అండం విడుదలయ్యాక అండాశయం కూడా ఇదే హార్మోన్‌ను తయారుచేస్తుంది కాబట్టి 20వ రోజున ఇస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. సాయంత్రం ఇస్తే ఉన్న జబ్బు దాక్కుంటుంది. నెలసరి ఎప్పుడొస్తుందో తెలియనివారికి అదే రక్తంలో ప్రొజెస్టిరాన్ కూడా చూస్తే అండం విడుదలైందో లేదో తేలి అనుమానం తీరుతుంది. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు వాడుతుంటే అంకె పడిపోతుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, సొంతంగా మాత్రలు ఆపకండి.

రిపోర్టులో ముందు యూనిట్ చూడండి. డెసిలీటరుకు 200 నానోగ్రాములన్నా, మిల్లీలీటరుకు 2 అన్నా, లీటరుకు 6 నానోమోల్స్ అన్నా దాదాపు ఒకటే. డెసిలీటరుకు నానోగ్రాముల లెక్కలో 200 లోపుంటే ఈ లోపం ఉండే అవకాశం తక్కువ. 1000 దాటితే దాదాపు ఖాయం. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ (అడ్రినల్‌ను పనిచేయించే హార్మోన్) పరీక్ష: ముందు రక్తం తీసి, 250 మైక్రోగ్రాముల కృత్రిమ ఏసీటీహెచ్ ఇచ్చి, సరిగ్గా 60 నిమిషాలకు మళ్లీ తీస్తారు. రెండో అంకె 1000 దాటితే లోపం ఉన్నట్టే. ట్యూబుల మీద సమయం రాయకపోతే ఏది ముందుదో తేలక శ్రమంతా వృథా. బీపీ కూడా ఎక్కువుంటే 11-బీటా-హైడ్రాక్సిలేజ్ అనే మరో ఎంజైమ్ లోపాన్నీ అనుమానించి, 11-డీఆక్సీకార్టిసాల్ పరీక్ష అడగాలి.

పసిపిల్లల లెక్క వేరు. మడమ రక్తం పుట్టిన 48 గంటల తర్వాత తీయడం మేలు. నెలలు నిండని బిడ్డల్లో జబ్బు లేకున్నా అంకె పెరుగుతుంది. యాంటీబాడీలతో కొలిచే ఇమ్యునోఅసే పద్ధతిలో ఈ తికమక మరీ ఎక్కువ, అణువుల బరువును బట్టి కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీతో సరిచూసుకోవాలి. అయితే మొదటి మూడు వారాల్లో బిడ్డ వాంతులు చేసుకుంటూ, పాలు తాగక, నీరసించిపోతే ఆ రిపోర్టు కోసం ఆగకూడదు. వెంటనే ఆసుపత్రిలో సోడియం, పొటాషియం, చక్కెర చూపించాలి. మగబిడ్డల్లో సాధారణంగా బయటికి తేడా ఏమీ కనిపించదు.