పంచాయతీ బడ్జెట్ రాసే ముందు

- చేతికి రాని గ్రాంటును రాబడిగా చూపకండి. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పాలకవర్గాలు లేక కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయిన సంగతి నల్లగొండ, పాలమూరు పల్లెలకు కొత్తగా చెప్పాలా? డబ్బు ఖాతాలో పడ్డాకే పని మొదలుపెట్టండి. అప్పు తెచ్చి కట్టిన సీసీ రోడ్డుకు వడ్డీ పంచాయతీ ఇవ్వదు.

- ముందుగా తప్పని ఖర్చులు: కార్మికుల జీతాలు, ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, వీధిదీపాల కరెంటు బిల్లు.

- ఇంటి పన్ను డిమాండ్ (రావాల్సిన మొత్తం) కాదు, నిరుడు వసూలైన మొత్తమే రాయండి. వలస వెళ్లిన వాళ్ల ఇళ్లకు ఎన్ని తాళాలున్నాయో పన్ను వసూలు చేసే కారోబార్‌ను అడగండి.

- తాగునీరు, పారిశుద్ధ్యానికి కేటాయించిన నిధులను మళ్లించకండి. ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది.

- 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం హరిత పద్దుకు (పచ్చదనానికి) బడ్జెట్‌లో 10 శాతం. మొక్కలకన్నా మే నెలలో వాటికి నీళ్లు పోసే ట్యాంకరుకే ఎక్కువవుతుంది.

- బోరు మోటారు వేసవిలోనే కాలుతుంది. రివైండింగ్‌కు కొంత తీసి ఉంచండి.