మీకు వచ్చిన పనిలోంచే డిజిటల్ ఉత్పత్తి ఆలోచనను వెదికి పట్టుకోవడం ఎలా?

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఉన్న జిరాక్సు దుకాణాల్లో ఏళ్ల తరబడి ఒక వ్యాపారం సాగింది. సాఫ్ట్‌వేర్ కోర్సు చెప్పే శిక్షకుడి పాఠాలను ఎవరో ఒక విద్యార్థి చేతిరాతతో పొందికగా రాసుకుంటే, ఆ నోట్సు నకళ్లు స్పైరల్ బైండింగుతో దుకాణం ముందు వరుసగా కనిపించేవి. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు వాటిని కొనుక్కుని వెళ్లేవారు. అందులోని విషయం మరోచోట దొరకనిదేమీ కాకపోయినా, ఏది ముందు చదవాలో, ఏది వదిలేయవచ్చో తేల్చిపెట్టిన ఆ వరుసక్రమం కోసమే వారు డబ్బు ఇచ్చారు. ఇంటర్నెట్‌లో అమ్మే డిజిటల్ ఉత్పత్తి స్వభావం కూడా ఇదే: ఒకసారి తయారుచేసి, ఫైలు రూపంలో ఎంతమందికైనా ఇవ్వగలిగిన వస్తువు అది. ఎక్సెల్ షీటు, జాకెట్టు కటింగ్ నమూనా, పిల్లల వర్క్‌షీట్లు, రికార్డు చేసిన పాఠం అన్నీ ఆ కోవలోకే వస్తాయి. అయితే ఏది తయారుచేయాలన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే.

మీకు ఏమి వచ్చునో కాదు, మిమ్మల్ని ఏమి అడుగుతున్నారో చూడండి

సాధారణంగా అందరూ తమకు వచ్చిన విద్యల జాబితా రాయడంతో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. చిన్న సంస్థలకు లెక్కలు రాయడం నా వృత్తి కాబట్టి ఎక్సెల్, ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు అని కాగితం మీద రాసుకుని, తెలుగులో ఎక్సెల్ మొత్తం నేర్పే వీడియో పాఠాలను నాలుగు నెలల పాటు రాత్రిళ్లు కూర్చుని తయారుచేశాను. వాటిని ఇద్దరే కొన్నారు. ఆ శ్రమ ఎందుకు ఫలించలేదో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఎక్సెల్ అనేది ఒక విద్య. దాన్ని ఆసాంతం నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవారికి యూట్యూబులో కావలసినన్ని పాఠాలు ఉచితంగా ఉన్నాయి. డబ్బు పెట్టడానికి సిద్ధపడే మనిషికి విద్యతో పని లేదు, రేపు సాయంత్రంలోగా పూర్తి కావలసిన ఒక పని ఉంటుంది.

అందువల్ల జాబితాకు బదులుగా ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, పదిహేను రోజుల పాటు మిమ్మల్ని ఎవరు ఏమి అడిగారో అడిగినవారి మాటల్లోనే రాయండి. జరిగిపోయిన రోజుల సంగతి తెలుసుకోవడానికి మీ వాట్సాప్‌లో "ఎలా", "ఫార్మాట్", "ఒకసారి పంపుతారా", "మీ దగ్గర ఉందా" అన్న మాటలను, వాటిని ఇంగ్లిషు అక్షరాల్లో రాసే రూపాలతో సహా, వెదకండి. మెయిలులో మీరు ఇతరులకు జతచేసి పంపిన ఫైళ్లను తిరగేయండి. ఒకే ఫైలును పేరు మార్చి ముగ్గురికో నలుగురికో పంపినట్టు కనిపిస్తే, అక్కడ ఆగి ఆలోచించండి. అది మీరు తెలియకుండానే సగం తయారుచేసి ఉంచిన ఉత్పత్తి. కార్యాలయంలో కొత్తగా చేరినవారు ఏ పనికి నేరుగా మీ బల్ల దగ్గరికే వస్తారో కూడా గుర్తుచేసుకోండి. మనకు సులువుగా వచ్చే పనిని మనం పనిగానే లెక్కించం కాబట్టి, దాని విలువ మనకంటే ముందు అడిగేవారికే తెలుస్తుంది.

నా విషయంలో అలా బయటపడింది అపార్ట్‌మెంట్ లెక్క. మేముండే కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను ఒక ఏడాది కోశాధికారిగా ఉన్నప్పుడు తయారుచేసుకున్న షీటును, పక్క వీధుల్లోని సంఘాల వారు ఒకరి తర్వాత ఒకరు అడిగి తీసుకున్నారు. వారి ఇబ్బంది ఏమిటో నాకు బాగా తెలుసు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు వార్షిక నిర్వహణ ఒప్పందం, జనరేటరు డీజిలు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు, కార్పస్ ఫండు, ఇవన్నీ ఒకే నోటుపుస్తకంలో కలిసిపోయి ఉంటాయి. నీళ్ల ఖర్చును ఫ్లాటుకు ఇంత అని పంచాలా, చదరపు అడుగుల చొప్పున పంచాలా అన్న దగ్గర ప్రతి సమావేశంలోనూ వాదన వస్తుంది. మూడు నెలలు బాకీ పడిన ఫ్లాటు యజమాని తాను కట్టేశానంటే చూపించడానికి రుజువు ఉండదు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు ఇందుకు యాప్‌లు వాడుకుంటాయి. ముప్పై నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు ఆ ఖర్చు భారం, దాని అవసరమూ ఉండదు.

ఈ స్థితిలో నేను రాసుకున్న వాక్యం ఇది: "ఇరవై నుంచి అరవై ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటుకు కొత్తగా కోశాధికారి అయిన వ్యక్తి, ప్రతి నెల 5వ తేదీలోగా ఫ్లాటువారీ లెక్క తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కావలసిన షీటు." ఎవరు, ఎప్పుడు, ఏ పని పూర్తిచేయడానికి అన్న మూడు సంగతులూ ఒకే వాక్యంలో ఇమిడేంత వరకు మీ ఆలోచనను కూడా ఇలాగే కుదించండి. కుదిస్తే కొనేవారు తగ్గిపోతారన్న భయం సహజమే గాని, నాకు ఎదురైనది అందుకు విరుద్ధం. చాలా సంఘాల్లో కార్యవర్గం ఏడాదికో రెండేళ్లకో మారుతుంది కాబట్టి, ఈ వాక్యంలోని "కొత్తగా కోశాధికారి అయిన వ్యక్తి" మళ్లీ మళ్లీ పుడుతూనే ఉంటారు.

మిగతా వృత్తుల్లో ఇది ఎలా ఉంటుంది

ఉపాధ్యాయులకు ఈ నగరంలో ఒక స్పష్టమైన అవకాశం ఉంది. తెలంగాణలోని పాఠశాలల్లో, ఏ బోర్డుకు చెందినవైనా సరే, తెలుగును తప్పనిసరిగా బోధించాలని 2018లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసింది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ ప్రాంతాల్లో స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు వినరు, వారి తల్లిదండ్రులు హోంవర్కులో సాయం చేయలేరు. గుణింతాలు, వత్తులు నేర్పే వర్క్‌షీట్లు బజారులో ఉన్నా, అవి తెలుగు వచ్చిన ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాసినవే ఎక్కువ. ప్రతి పదానికీ ఉచ్చారణ ఆడియో, తల్లిదండ్రులకు ఇంగ్లిషులోనో హిందీలోనో సూచనలు జతచేసిన వర్క్‌షీట్ల కట్ట వేరే వస్తువు అవుతుంది. తెలుగును రెండో భాషగా బోధించిన అనుభవం ఉన్నవారు మాత్రమే దాన్ని సరిగ్గా చేయగలరు.

కుట్టుపని తెలిసినవారు కొలతల వారీగా జాకెట్టు నమూనాలను, ఏ4 కాగితాల మీద ముద్రించి అతికించుకునే విధంగా పీడీఎఫ్‌లుగా అమ్మవచ్చు. ఇందులో ఒక చిన్న జాగ్రత్త ఉత్పత్తి పరువును కాపాడుతుంది: మొదటి పేజీలో సరిగ్గా రెండంగుళాల చదరం గీసి, ముద్రించాక దాన్ని స్కేలుతో కొలిచి చూసుకోమని చెప్పాలి. ప్రింటరు పేజీకి సరిపడేలా బొమ్మను కుదిస్తే చాతీ కొలత తప్పి బట్ట పాడవుతుంది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసేవారు డిజైన్లను ఎంబ్రాయిడరీ మెషీన్లు చదవగలిగే డీఎస్టీ ఫైళ్లుగా అమ్మవచ్చు. అయితే ప్రతి డిజైనును ముందుగా మెషీను మీద స్వయంగా కుట్టి, ఫ్రేము సైజు, కుట్ల సంఖ్య, రంగులు ఎన్నిసార్లు మారతాయన్న వివరాలను ఫొటోతో సహా ఇవ్వాలి. తెరమీద అందంగా ఉన్న డిజైను బట్టమీద దారం తెంపితే ఆ కొనుగోలుదారు మళ్లీ రారు.

డీటీపీ పని చేసేవారిది మరో సంగతి. పాత అను ఫాంట్లలో కూర్చిన పెళ్లి పత్రికలోని మాటలను ఫోనులో అతికిస్తే అర్థం లేని అక్షరాలు వస్తాయి, ఎందుకంటే ఆ ఫాంట్లు ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతిలో తయారైనవి కావు. ఛత్తాబజార్‌లో పత్రికలు అచ్చువేయించుకునే కుటుంబాలే ఇప్పుడు వాట్సాప్‌లో పంపడానికి మరో పత్రిక కూడా కోరుతున్నాయి. యూనికోడ్ తెలుగులో ఉండి, పేర్లు, ముహూర్తం, వేదిక ఫోనులోనే మార్చుకోగల పత్రికల నమూనాలకు అక్కడ చోటుంది. మండలి, రామభద్ర, సూరన్న వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటితో చేసిన పనిని అమ్ముకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మడానికి వాటి లైసెన్సు ఒప్పుకోదు.

తయారుచేయడానికి ముందే గిరాకీని పరీక్షించండి

గూగుల్ ట్రెండ్స్‌లో తెలంగాణను ఎంచుకుని మీ మాటను వెదకండి. యూట్యూబులో ఆ మాటను తెలుగులోనూ, ఇంగ్లిషు అక్షరాలతోనూ టైపు చేసి, కింద ఏ సూచనలు వస్తాయో చూడండి. అంతకంటే విలువైనవి వీడియోల కింద జనం అడిగిన ప్రశ్నలు. జవాబు రాని ప్రశ్నలను వరుసగా రాసుకుంటే మీ ఉత్పత్తికి విషయసూచిక తయారవుతుంది. పోటీ పరీక్షలకు సంబంధించిన ఆలోచన అయితే అశోక్‌నగర్‌లోనూ, చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గరా ఒక సాయంత్రం గడిపి, అభ్యర్థులు ఏ కాగితాలను నకలు తీయించుకుంటున్నారో గమనించండి.

ఆ తర్వాత ఒక్క పేజీ నమూనాను తయారుచేసి, పదిమందికి చూపించి, ధర చెప్పి, డబ్బు ముందుగా అడగండి. ఇది మొహమాటం కలిగించే పని, కానీ దీన్ని దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను. మనవాళ్లు ఎదురుగా ఉన్న మనిషిని నొప్పించలేక "చాలా బాగుంది, తప్పకుండా చేయండి" అంటారు. నా వీడియో పాఠాల గురించి కూడా అందరూ అదే అన్నారు. అపార్ట్‌మెంట్ షీటుకు మాత్రం 199 రూపాయలు అడిగినప్పుడు, పదిమందిలో నలుగురు అక్కడికక్కడే యూపీఐలో పంపారు. పది రోజుల్లో ఇవ్వలేకపోతే డబ్బు తిరిగి పంపుతానని మాట ఇచ్చి, ఆ నలుగురి అవసరాలను అడిగి తెలుసుకుంటూ మిగతా షీటును పూర్తిచేశాను. ఒక్కరు కూడా డబ్బు పంపకపోతే ఆలోచనను వదిలేయండి, లేదా వాక్యంలోని మనిషిని మార్చండి.

హక్కుల సంగతి

అమీర్‌పేట నోట్సుల్లో మొదటినుంచీ ఒక అన్యాయం ఉంది: పాఠం చెప్పిన శిక్షకుడి అనుమతి లేకుండానే వాటిలో చాలా నకళ్లు అమ్ముడుపోయేవి. మీ ఉత్పత్తిలో అలాంటిది జరగకూడదు. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు. కాబట్టి కార్యాలయం కోసం చేసిన షీటును పేరు మార్చి అమ్మకండి; ఆ పనిలో గడించిన అనుభవంతో, సొంత సమయంలో, సొంత కంప్యూటరులో కొత్తది తయారుచేయండి. రచయిత మరణించాక 60 ఏళ్లు గడిచిన రచనలను వాడుకోవచ్చు కాబట్టి వర్క్‌షీట్లలో ప్రాచీన శతక పద్యాలు చేర్చడానికి అడ్డు లేదు గాని, వాటికి ఈ కాలపు పండితులు రాసిన తాత్పర్యాలను ఎత్తి రాయకూడదు. నమూనాల్లో నిజమైన ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు మిగిలిపోకుండా ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

అమ్మడానికి మొదట్లో వెబ్‌సైటు అక్కర్లేదు. ఇన్‌స్టామోజో, గమ్‌రోడ్ వంటి వేదికలు డబ్బు తీసుకుని ఫైలును అందజేస్తాయి, అవి కోసుకునే రుసుమును చూసుకుని ధర పెట్టండి. సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటనంత వరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు, కానీ వచ్చిన ఆదాయాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపాలి.

ఫైలు చేతికి అందిన వారం తర్వాత కొన్న ప్రతి ఒక్కరికీ ఫోను చేసి, ఎక్కడ ఆగిపోయారో అడగండి. నా షీటు కొన్న ఒక కోశాధికారి, అన్నీ బాగున్నాయి గాని ఏడాది చివర సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించడానికి జమాఖర్చుల పత్రం ఇందులోంచే వస్తే బాగుండేదన్నారు. అదే వారంలో మరొకరు అదే మాట అన్నారు. ఆ రెండు వాక్యాలనూ తేదీతో సహా నా పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు తయారుచేస్తున్నది ఆ పత్రాన్నే.