మిల్లు పిల్లల పాఠం తొమ్మిదో తరగతికి ఇలా చెప్పి చూడండి

పారిశ్రామిక విప్లవం పాఠాన్ని ఆవిరి యంత్రంతో మొదలుపెట్టారా, వెనక బెంచీలు నిద్రకు పడ్డట్టే. మా గుంటూరు పిల్లలకు పత్తి తెలుసు. గుప్పెడు పత్తి చేతికిచ్చి పోగు తీయమనండి. పుటుక్కున తెగుతుంది. రెండొందల ఏళ్ల కిందట ఇంగ్లండులోని మాంచెస్టరు బట్టల మిల్లుల్లో ఆ తెగిన పోగులు అతికింది మీకన్నా చిన్నవాళ్లేరా అని అప్పుడు చెప్పండి.

తర్వాత ఒకణ్ణి బెంచీ కింద పాకమని, పైన స్కేలు అటూ ఇటూ ఆడించండి. నడిచే యంత్రం కింద రాలిన దూది ఏరడానికి పిల్లలు అలాగే దూరేవారు. క్లాసు నవ్వుతుంది, నవ్వనివ్వండి. వేళ్లు నలిగిపోయేవని చెబితే వాళ్లే ఆగుతారు.

ఇప్పుడు బ్రిటన్ 1833 ఫ్యాక్టరీ చట్టం బోర్డెక్కించండి. బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు వాళ్లకు పని లేదు (పట్టు మిల్లులకు మినహాయింపు, అదో తిరకాసు). పదమూడేళ్లలోపు వాళ్లకు రోజుకు 9 గంటలు, ఆపైన పద్దెనిమిది దాకా 12. దీన్ని అమలు చేయడానికి ఎందరు ఇన్‌స్పెక్టర్లో ఊహించమనండి. వందలంటారు. నలుగురు! పైగా ఇంగ్లండులో జననాల నమోదే 1837లో మొదలైంది. అంతవరకు వయసు ఎలా తేలుస్తారు?

గనుల్లో పిల్లల పనిపై అక్కడే వచ్చిన గనుల చట్టం, 1842, ఒక్క ముక్కలో చాలు. మన దేశపు 1881 ఫ్యాక్టరీ చట్టం దగ్గర ఆగండి: ఏడేళ్లు నిండితే పనికి పంపొచ్చు, రోజుకు 9 గంటలు.

హోంవర్కుగా నాయనమ్మనో అమ్మమ్మనో ఏ వయసులో మిరపకోతకు వెళ్లిందో అడిగి రమ్మనండి. నువ్వు వెళ్తావా అని మాత్రం క్లాసులో ఎవర్నీ అడక్కండి. సీజనులో ఖాళీ బెంచీలు మనకు కనబడుతూనే ఉంటాయి. వాళ్లతో విడిగా మాట్లాడాలి.