చుట్టాలు వచ్చి వెళ్లాక కోళ్లు గుడ్లు ఆపేస్తే

మాది కీసర దగ్గర. పెరట్లో తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. దసరాకు మియాపూర్ నుంచి అక్క, బావ, ఇద్దరు పిల్లలు, వాళ్ల లాబ్రడార్ దిగుతారు. నాలుగు రోజులు ఇల్లంతా సందడి. వాళ్ల కారు ఔటర్ ఎక్కిన మర్నాటి నుంచి నాకు కోళ్లతో టెన్షన్. అమ్మ దిష్టి తగిలిందంటూ ఎండుమిరపకాయలు తిప్పేస్తుంది. నేను మాత్రం ఏ మందూ కొనకముందు ఈ పది రోజుల్లో గూటి దగ్గర ఏం మారిందో చూస్తాను.

గుడ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి

ముందు అవి నిజంగా ఆపేశాయో లేదో తేల్చుకోండి. పోయిన దసరాకు పిల్లలు గంటకోసారి గుడ్ల బుట్టలో చెయ్యి పెట్టి చూశారు. పెట్టలకు ఆ చోటు మీద నమ్మకం పోయింది. వారం రోజులు బుట్ట ఖాళీ. ఒకరోజు పొద్దున పిడకల కుప్ప వెనక నుంచి ఎర్రపెట్ట అరుచుకుంటూ బయటికొచ్చింది. వంగి చూస్తే పదమూడు గుడ్లు, రెండింటి మీద పేడ అంటుకుని ఉంది.

ఇలా దొరికిన గుడ్లను గిన్నెడు నీళ్లలో వేయండి. అడుగున పడుకున్నది తాజాది. నిలబడితే పాతది, దాన్ని విడిగా పగలగొట్టి చూసి వాడుకోవచ్చు. తేలిందంటే పారేయడమే. ఇక పెట్టల అలవాటు మార్చాలంటే మూడు నాలుగు రోజులు పదకొండింటి దాకా గూటి నుంచి వదలకండి. చాలా పెట్టలు పొద్దుటి పూటే గుడ్డు పెడతాయి. బుట్టలో కొత్త గడ్డి వేసి ఒక గుడ్డు అలాగే ఉంచండి. అది చూసి మిగతావీ అక్కడికే వస్తాయి.

వెతికినా గుడ్లు దొరకలేదంటే నేల మీద చూడండి. గూటి నిండా ఈకలు రాలి, మెడ దగ్గర బోసిగా కనిపిస్తే అది జబ్బు కాదు. పగలు తగ్గే కాలంలో పెట్టలు పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి. దసరా కూడా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి నింద చుట్టాల మీద పడుతుంది. దీనికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈక తయారయ్యేది మాంసకృత్తులతో కనుక నూకల్లో కొంచెం పల్లి చెక్క, దంచిన ఎండుచేపలు కలపండి. గుడ్లు బాగా పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో పగలు 11 గంటలే. తెల్లవారుజామున గూట్లో బల్బు వేసేవాళ్లున్నారు. ఇంటి వాడకానికి నాలుగు గుడ్ల కోసం నేనైతే వెయ్యను, వాటికీ విశ్రాంతి కావాలి.

ఒక్క పెట్టే బుట్ట దిగకుండా, దగ్గరికి వెళితే ఉబ్బి పొడవబోతుంటే అది పొదుగుకు వచ్చింది. పిల్లలు కావాలంటే రాత్రిపూట దాని కింద గుడ్లు పెట్టండి, 21 రోజుల్లో పిల్లలవుతాయి. వద్దనుకుంటే కింద గాలి ఆడే జాలీ బోనులో నీళ్లు, మేత పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే మానుకుంటుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు మామూలుగా పొదుగుకు కూర్చోవు. వాటి గుడ్లు నాటు పెట్ట కిందే పెట్టుకోవాలి.

తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) వస్తున్నాయి

పండగ నాలుగు రోజులూ మిగిలిన బగారన్నం, పులిహోర అన్నీ కోళ్లకే పోయాయా? కారణం అదే కావచ్చు. అన్నంతో కడుపు నిండితే అవి అసలు మేత ముట్టవు. పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేటే. మిగులు అన్నం ఆపి, ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టండి. గుడ్డు పెంకులైతే పెనం మీద వేయించి మెత్తగా పొడి చేయాలి. పెద్ద ముక్కలుగా వేస్తే గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటాయని భయం.

కుక్క కోళ్ల వెంట పడుతోంది

బావ ప్రతిసారీ "మా బ్రూనో ఏమీ అనదు" అంటాడు. అనదు, కానీ కోడి పరుగెత్తగానే అది కూడా పరుగెత్తుతుంది. మొదటి రోజు గొలుసు విప్పకుండా జాలీ ఇవతల కూర్చోబెట్టాం. అరగంట సేపు చొంగ కారుస్తూ చూసింది. ముక్కు జాలీకి ఆనించగానే పుంజు ఠక్కున పొడిచింది. ఆ తర్వాత కాస్త మర్యాద నేర్చుకుంది. అయినా మనిషి లేకుండా రెండింటినీ ఒకచోట వదలకండి. పంటి గాటు చిన్నదైనా శుభ్రంగా కడిగి పశువుల డాక్టర్‌కు చూపించండి, పైకి కనిపించకపోయినా లోపల చీము పడుతుంది. ఇంకోటి, విందు అయ్యాక ఉడికిన కోడి ఎముకలు కుక్కకు వెయ్యకండి. అవి సూదుల్లా విరిగి పేగులకు గుచ్చుకుంటాయి.

ఒక కోడి తూగుతోంది, తర్వాత ఇంకోటి

ఇది మాత్రం ఇంట్లో తేలే పని కాదు. నోరు తెరిచి గురకపెట్టడం, ఆకుపచ్చగా పారడం, మెడ తిరిగిపోవడం కనిపిస్తే కొక్కెర తెగులేమోనని అనుమానించాలి. వస్తే మందు లేదు, ముందే టీకా వేయించాలి. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో లేదా ముక్కులో చుక్క, ఎనిమిదో వారంలో సూది. టీకాను ఐస్ పెట్టిన ఫ్లాస్కులోనే తేవాలి, ఎండలో బండి డిక్కీలో తెస్తే నీళ్లు పొడిచినట్టే.

ఈ తెగులు చాలాసార్లు బహుమతి కోడితోనే వస్తుంది. మేనమామ ప్రేమగా సంతలో పుంజు కొని తెచ్చి నేరుగా గూట్లోకి వదులుతాడు. ఆయన మనసు కష్టపెట్టకుండా తీసుకోండి, కానీ మూడు వారాలు దూరంగా వేరే గంప కింద ఉంచండి. దాని నీళ్ల గిన్నె కూడా వేరే. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే ఒట్టి చేతులతో ముట్టకుండా పశువుల ఆసుపత్రిలో చెప్పండి. మిగిలినవాటిని అమ్మడం, పంచడం వద్దు.

పుంజు నాలుగింటికే కూస్తోంది, చుట్టాలకు నిద్ర లేదు

గూటి కిటికీకి గోనెపట్టా కట్టి వెలుతురు ఆపితే కొంచెం ఆలస్యంగా మొదలుపెడుతుంది, పూర్తిగా మానదు. బావ దీనికి ఇంకో ఉపాయం చెప్పాడు, మసాలా తనే నూరతానన్నాడు కూడా. అమ్మ గూటికి తాళం వేసి చెవి కొంగున ముడేసుకుంది.