దసరా బోనస్ చేతికి రాకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

వినాయక నిమజ్జనం ముగిసిన వెంటనే మహాలయ పక్షం వస్తుంది. ఆ పదిహేను రోజులూ చాలా ఇళ్లలో కొత్త వస్తువులు కొనరు, శుభకార్యాలు తలపెట్టరు. ఇంటి లెక్కలు సరిచూసుకోవడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి సమయం లేదు. అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలైందంటే దీపావళి దాకా హైదరాబాద్‌లో ఊపిరి సలపదు. బట్టలు, ఊరి ప్రయాణం, ఆన్‌లైన్ తగ్గింపులు, ధనత్రయోదశి బంగారం ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. పిల్లల రెండో విడత ఫీజు కూడా చాలా చోట్ల ఈ రోజుల్లోనే కట్టాలి.

ఆడపడుచుకు చీర పెట్టడాన్నీ, పిల్లలకు కొత్త బట్టలు కొనడాన్నీ దుబారా అనడం నాకు నచ్చదు. కార్తీకం, మార్గశిరం జీతాలను ఆశ్వయుజంలోనే ఖర్చు పెట్టేయడమే అసలు ప్రమాదం. అందుకని ముందు పండుగ జాబితా రాయకండి. నవంబరు, డిసెంబరు నెలల్లో తప్పక కట్టవలసినవి రాయండి: అద్దె, ఇంటి రుణం వాయిదా, ఫీజు, చీటీ, బీమా ప్రీమియం, పాత బాకీలు. అవన్నీ పోగా మిగిలేదే పండుగ సొమ్ము.

బోనస్ విషయంలో ఒక అపోహ ఉంది. చట్టం చెప్పే కనీస బోనస్ ఏడాది జీతంలో 8.33 శాతం అని విని, ఒక నెల జీతం పూర్తిగా వస్తుందని ఆశ పెట్టుకుంటారు. ఆ శాతాన్ని మొత్తం జీతం మీద లెక్కకట్టరు, చట్టం పెట్టిన పరిమితి మేరకే లెక్కకడతారు. పన్ను పరిధిలో ఉన్నవారికి ఆదాయపు పన్ను కూడా కోత పడుతుంది. ఖాతాలో పడిన అంకె చూశాకే దుకాణం మెట్లెక్కండి.

ఆ డబ్బులో మొదటి వాటా క్రెడిట్ కార్డు పాత బాకీకి వెళ్లాలి. ఇందులో నేను రాజీ పడను. కార్డు మీద 60,000 రూపాయల బిల్లు వచ్చిందనుకుందాం. కట్టవలసిన కనీస మొత్తం 5 శాతం అనుకుంటే, 3,000 కట్టి ఊరుకున్నారు. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 2,100, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 378. మీరు కట్టిన 3,000లో 2,478 వాటికే పోయింది. అసలులో తగ్గింది 522 రూపాయలు. పైగా బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఆ తర్వాత కార్డు మీద ఏది కొన్నా, అది పాల ప్యాకెట్టే అయినా, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కలోకి వస్తుంది. ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్టూ ఈ వడ్డీకి సరితూగదు కనుక ఒక పక్క పొదుపు ఉంచుకుని మరో పక్క కార్డు బాకీ మోయడం తగదు.

వడ్డీ లేని వాయిదాలనే ప్రకటనలనూ నమ్మేయకండి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే స్పష్టం చేసింది. వడ్డీని ధరలోనో, మీకు రాకుండా పోయిన తగ్గింపులోనో సర్దుతారు. ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద జీఎస్టీ వేరుగా పడతాయి. మొత్తం ఒకేసారి చెల్లిస్తే ఎంతకిస్తారని అడిగి, రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూడండి.

దసరా నాడు జమ్మి ఆకునే బంగారమని పెద్దల చేతిలో పెట్టి మొక్కుతాం కాబట్టి అసలు బంగారం ఆ రోజే కొనాలన్న తొందర అక్కర్లేదు. కొనేటప్పుడు సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనైనా, కూకట్‌పల్లి షోరూములోనైనా నగ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22 క్యారెట్లకు 916 అంకె, ప్రతి నగకూ విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ కోడ్ ఉన్నాయో లేదో చూడండి. ఆ కోడ్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ రకం, స్వచ్ఛత కనిపిస్తాయి. చేతిలో ఉన్నది నెక్లెస్ అయి, యాప్‌లో ఉంగరం అని వస్తే అక్కడే ఆగిపోండి. రాళ్ల బరువు తీసేసి బంగారానికే ధర కట్టారా, తరుగు, మజూరీ ఎంత వేశారు అన్నవి బిల్లులో విడివిడిగా రాయించుకోండి. తిరిగి అమ్మినప్పుడు తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ వెనక్కి రావు. నగల దుకాణాల నెలవారీ పథకాలలో కట్టే డబ్బు బ్యాంకు డిపాజిట్ కాదు. బ్యాంకులో 5 లక్షల దాకా ఉండే డిపాజిట్ బీమా దానికి వర్తించదు.

కాలనీ చీటీలదీ ఇదే తీరు. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నమోదు కాని చీటీలో డబ్బు ఇరుక్కుంటే మీ చేతిలో సరైన కాగితం కూడా ఉండదు. పండుగ ఖర్చుకని ఎక్కువ నష్టానికి పాట పాడి చీటీ ఎత్తుకోవడం మానండి.

వానలు ఇంకా వెనుదిరగని రోజులివి. 2020 అక్టోబరులో నగరం మునిగిన సంగతి ఎవరూ మరచిపోయి ఉండరు. నీళ్లలో నిలిచిన కారును స్టార్ట్ చేస్తే పాడయ్యే ఇంజనుకు మామూలు సమగ్ర కారు బీమా పాలసీలో సాధారణంగా పరిహారం రాదు, విడిగా ఇంజను రక్షణ తీసుకోవాలి. డెంగీ కాలంలో ఆరోగ్య బీమా లేకుండా ఉండకండి. వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. అయితే కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు వర్తించదు కనుక జ్వరం వచ్చాక తీసుకుని లాభం లేదు.

జీతం కాక అద్దెలు, వృత్తి ఆదాయం ఉండి, ముందే కోసుకున్న పన్ను (టీడీఎస్) పోను కట్టవలసిన పన్ను 10,000 దాటేవారు డిసెంబరు 15 నాటికి అందులో 75 శాతం ముందస్తుగా కట్టాలి. బోనస్‌లో కొంత దానికీ పక్కన పెట్టుకోండి.

ఇక మోసగాళ్లు. పండుగ బహుమతి లింకులు, పార్సెల్ ఆగిందన్న సందేశాలు, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించేవి) ఈ రోజుల్లో ఎక్కువగా కనబడతాయి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. డబ్బు పోతే మొహమాటపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో సొమ్మును ఆపడానికి అంత వీలుంటుంది. పండుగకు ఊరు వెళ్లినప్పుడు అమ్మానాన్నల ఫోనులో కూడా ఆ నంబరు భద్రపరచి, పిన్ ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు కొట్టకూడదో పక్కన కూర్చుని చేసి చూపించండి.